నీటి పరిశుద్ధత: కనిపించని హానికి బాధ్యులెవరు?

విశ్వాసి జీవితంలో నీటికి ఉన్న స్థానం మనకు తెలియనిది కాదు. ఫజ్ర్ నమాజు కోసం నిద్ర లేచిన మనిషి మొదట చేరేది నీటి దగ్గరికే. వుజూ, గుస్ల్, బట్టల శుభ్రత, చివరికి మయ్యిత్‌కు చేయించే స్నానం... అన్నింటికీ నీరే ఆధారం. అందుకే మన ధర్మశాస్త్ర (ఫిఖహ్) గ్రంథాలలో అత్యధికం ‘తహారత్’ అధ్యాయంతోనే మొదలవుతాయి. ఏ నీరు పరిశుద్ధం, ఏ నీరు అపరిశుద్ధం, అపరిశుద్ధమైన నీటిని తిరిగి ఎలా శుద్ధి చేయాలి అన్న విషయాలను పండితులు ఎంతో సూక్ష్మంగా చర్చించారు.

ఆ చర్చలో ఒక కొలమానం అందరికీ తెలిసినదే. అదే రంగు, రుచి, వాసన. అశుద్ధం పడినందువల్ల ఈ మూడింటిలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు అపరిశుద్ధమవుతుందన్న విషయంలో పండితులందరిదీ ఒకే మాట. చదువుకున్నవాడైనా, చదువురానివాడైనా తన కన్నుతో, ముక్కుతో, నాలుకతో తేల్చుకోగల కొలమానమిది. షరీఅత్ మనిషి మీద మోయలేని భారం వేయదనడానికి ఇదొక చక్కని నిదర్శనం.

అయితే ఈ కాలంలో మన ముందుకు ఒక కొత్త ప్రశ్న వచ్చింది. నీటి రంగు మారలేదు. రుచి మారలేదు. వాసన లేదు. అయినా అందులో హాని దాగి ఉంటే? ఆ హాని ఎవరో తెచ్చి పోసినది కాక, నీటిని శుభ్రం చేసే పనిలోనే పుట్టినదైతే? అప్పుడు దాని బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను మనం కాస్త ఓపికగా పరిశీలిద్దాం.

మురుగునీటిపై పండితుల నిర్ణయం

నగరాలు పెరిగాయి. నీటి వనరులు తరిగాయి. ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటిని శుద్ధి చేసి మళ్లీ వాడుకోక తప్పని పరిస్థితి అనేక దేశాలలో ఏర్పడింది. నదులు లేని అరబ్ దేశాలలో ఈ అవసరం మరీ ఎక్కువ. అలాంటి నీటితో వుజూ చెల్లుతుందా అన్న ప్రశ్న అక్కడి పండితుల ముందుకు వచ్చింది.

1978లో సౌదీ అరేబియా అగ్రశ్రేణి పండితుల మండలి దీనిపై 64వ నంబరు నిర్ణయం వెలువరించింది. అశుద్ధం వల్ల మారిపోయిన అధిక పరిమాణంలోని నీరు ఆ మార్పు తొలగిపోతే తిరిగి పరిశుద్ధమవుతుందన్నది పూర్వ పండితుల సూత్రం. మంచినీరు వచ్చి కలిసినా, కాలం గడిచినా, ఎండా గాలీ తగిలినా ఆ మార్పు తొలగవచ్చు. ఆధునిక శుద్ధి ప్రక్రియ కూడా అలాంటి మార్గమే అని మండలి భావించింది. రంగు, రుచి, వాసనలలో అశుద్ధం జాడ ఏమాత్రం మిగలకుండా పూర్తిగా శుద్ధి చేసిన నీటితో వుజూ, గుస్ల్ చేయవచ్చని తేల్చింది. 1989లో మక్కాలోని ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ కూడా తన 11వ సమావేశంలో దాదాపు ఇదే నిర్ణయానికి వచ్చింది. రసాయన శాస్త్ర నిపుణులను సంప్రదించిన తర్వాతే అకాడమీ ఈ మాట చెప్పింది. శుద్ధి నాలుగు దశలలో జరుగుతుందని నిపుణులు వివరించారు. మడ్డిని అడుగుకు దించడం, గాలి పట్టించడం, క్రిములను చంపడం, చివరగా క్లోరిన్‌తో నిర్దోషం చేయడం.

ఇక్కడ మనం గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉంది. 1978 నాటి నిర్ణయం అలాంటి నీటిని తాగడం గురించి కూడా మాట్లాడింది. తాగడం వల్ల ఆరోగ్యానికి హాని కలిగేటట్లయితే తాగకూడదని చెప్పింది. ఆ నిషేధానికి కారణం అశుద్ధి కాదనీ, ప్రాణ రక్షణ, హాని నివారణ అనీ స్పష్టం చేసింది. అంటే ‘పాక్’ అన్న తీర్పు వేరు, ‘హాని లేనిది’ అన్న తీర్పు వేరు. ఒకే గ్లాసులోని నీరు మొదటి పరీక్షలో నెగ్గి రెండవ పరీక్షలో ఓడిపోవచ్చు. మక్కా సమావేశంలో షేఖ్ బక్ర్ అబూ జైద్ తన భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయించినప్పుడు ఆయన ఎత్తిచూపిన విషయాలలో కూడా ఈ హాని ప్రస్తావన ఉంది. అశుద్ధం జాడ పోయినంత మాత్రాన మురుగునీటిలోని ఇతర దోషాలన్నీ పోయినట్లు కాదన్నది ఆయన వాదన.

ఇతర దోషాలంటే ఏమిటి? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు ఇచ్చే సమాధానం ఆలోచింపజేసేది.

క్లోరిన్ చేసే మేలు, తెచ్చే చిక్కు

ముందుగా క్లోరిన్ చేసిన మేలును ఒప్పుకోవాలి. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీటి సరఫరాలో క్లోరిన్‌ను నిరంతరంగా కలపడం మొదలైంది. ఆ తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. కలరా, టైఫాయిడ్ వంటి వ్యాధులు ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన రోజులు మన పెద్దలకు తెలుసు. ఆ మృత్యువును అడ్డుకున్న వాటిలో క్లోరిన్ ముఖ్యమైనది. ఇది అల్లాహ్ మానవులకు నేర్పిన విద్యలలో ఒకటి. దానిని తక్కువచేసి మాట్లాడడం కృతఘ్నత అవుతుంది.

1974లో నెదర్లాండ్స్‌కు చెందిన యోహానెస్ రూక్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు రాటర్‌డామ్ నగర నీటిలో ఒక విషయం కనుగొన్నారు. క్లోరిన్ కలిపాక నీటిలో క్లోరోఫాం వంటి పదార్థాలు కొత్తగా పుడుతున్నాయి. నదిలో అవి లేవు. క్లోరిన్ డబ్బాలోనూ లేవు. ఆకులు, అలములు కుళ్లి నీటిలో కరిగిన సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసినప్పుడు అవి తయారయ్యాయి. అదే సంవత్సరం అమెరికా పరిశోధకులు కూడా ఇదే విషయాన్ని గుర్తించారు. 1979లో అమెరికా ప్రభుత్వం ట్రైహాలోమీథేన్లు అనే ఈ పదార్థాల మొత్తానికి లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి విధించింది. 1998 నాటి నిబంధనలు దానిని 80కి తగ్గించాయి. మన దేశంలో 2012 నాటి తాగునీటి ప్రమాణం కూడా క్లోరోఫాంకు లీటరుకు 0.2 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. దీర్ఘకాలం తాగినవారికి క్యాన్సర్ ముప్పు ఉండవచ్చన్న అనుమానమే ఈ హద్దులకు మూలం.

శుద్ధి చేసిన మురుగునీటిలో ఈ చిక్కు మరింత పెద్దది. నది నీటిలో ఉండేది ఆకుల కుళ్లు. మురుగునీటిలోనైతే అన్నం గంజి మొదలుకొని సబ్బులు, షాంపూలు, మనం మింగిన మందుల అవశేషాలు, మురుగును తినే సూక్ష్మజీవులు విసర్జించిన పదార్థాలు కూడా ఉంటాయి. శుద్ధి కేంద్రంలో చాలా భాగం పోయినా కొంత కరిగే మిగులుతుంది. ఈ మిగులుకు రంగు లేదు, వాసన లేదు. దానంతట అది పెద్దగా హాని చేయకపోవచ్చు కూడా. క్లోరిన్‌తోనో, క్లోరిన్ అమ్మోనియాతో కలిస్తే ఏర్పడే క్లోరమిన్‌తోనో కలిసినప్పుడే దాని అసలు సంగతి బయటపడుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని హానికర పదార్థాలకు ముందు రూపాలు అంటారు. మనం ‘మూల పదార్థాలు’ అనుకుందాం.

ఇలా పుట్టే వాటిలో ఎన్‌డీఎంఏ అనే పదార్థం అతి తక్కువ మోతాదులోనే ఆందోళన కలిగించేది. మానవులలో బహుశా క్యాన్సర్ కారకం అని దీనిని వర్గీకరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో దీనికి సూచించిన హద్దు లీటరుకు 100 నానోగ్రాములు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 10 నానోగ్రాములు దాటితేనే ప్రజలకు తెలియజేయాలంటుంది. గ్రాములో నూరుకోట్లవ వంతు ఒక నానోగ్రాము. కడుపులో మంటకు మన ఇళ్లలో ఎంతోకాలం వాడిన రానిటిడిన్ మాత్ర కూడా క్లోరమిన్ తగిలితే ఎన్‌డీఎంఏగా మారే పదార్థమేనని పరిశోధనలు చూపాయి. ఆ మందులోనే ఎన్‌డీఎంఏ కనిపించడంతో 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిని మార్కెట్ నుంచి తీసివేయమని కోరింది.

బావి నేర్పే పాఠం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. హాని పుట్టాక దానిని తొలగించాలా, లేక హానికి మూలమైనదానిని ముందే తొలగించాలా?

హనఫీ ఫిఖహ్‌లో బావుల మసాయిల్ మన పెద్దలు పిల్లలకు కంఠస్థం చేయించేవారు. బావిలో ఎలుక పడి చస్తే 20 నుంచి 30 బొక్కెనలు తోడాలి. పావురం, కోడి, పిల్లి వంటివైతే 40 నుంచి 60. మేక అంతటిదైతే బావి నీరంతా తోడివేయాలి. ఈ లెక్కలు చాలామందికి గుర్తుంటాయి. కానీ వాటికి ముందున్న షరతును మరచిపోతాం. పడిన జంతువును మొదట బయటికి తీయాలి. అది లోపలే ఉండగా ఎన్ని బొక్కెనలు తోడినా లెక్కకు రాదు. ఎందుకంటే కారణం లోపలే ఉంది. మీరు తోడుతూనే ఉంటారు, అది పాడుచేస్తూనే ఉంటుంది.

నీటి శాస్త్రం ఎన్నో ఏళ్ల పరిశోధన తర్వాత చేరిన చోటు కూడా ఇదే. క్లోరోఫాం పుట్టాక దానిని నీటి నుంచి వేరు చేయడం కష్టం, ఖర్చు. క్లోరిన్ గొట్టాలలో ఉన్నంతకాలం అది మళ్లీ మళ్లీ పుడుతూనే ఉంటుంది. కాబట్టి క్లోరిన్ కలపడానికి ముందే మూల పదార్థాలను తీసివేయాలి. దీనికి అనేక మార్గాలున్నాయి. పటిక లేదా ఇనుప లవణాలు వేసి పెద్ద అణువులను ముద్దగా చేర్చి అడుగుకు దించవచ్చు. ఓజోన్ వాయువుతో వాటిని ముక్కలు చేసి, ఆ ముక్కలను సూక్ష్మజీవులకు ఆహారంగా పెట్టవచ్చు. ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు గుండా నీటిని పంపితే బొగ్గు వాటిని తనకు అంటించుకుంటుంది. అతి సన్నని పొరల గుండా ఒత్తిడితో నెట్టి వడపోయవచ్చు.

నమీబియా దేశ రాజధాని విండ్‌హోక్ ఇందుకు మంచి ఉదాహరణ. ఎడారి అంచున ఉన్న ఆ నగరం 1968 నుంచే మురుగునీటిని శుద్ధి చేసి తాగునీటిలో కలుపుతోంది. 2002లో మొదలైన కొత్త కేంద్రం రోజుకు సుమారు 2 కోట్ల 10 లక్షల లీటర్ల నీటిని శుద్ధి చేయగలదు. అక్కడ ఇనుప లవణం, గాలి బుడగలతో తేల్చడం, ఇసుక, ఓజోన్, రెండు విధాల బొగ్గు పడకలు, సన్నని వడపోత... ఇవన్నీ దాటాకే క్లోరిన్. అంటే పడినదానిని తీశాకే బొక్కెన వేస్తున్నారన్నమాట!

మార్గాన్ని మూయడం

ఇందులో మన ధర్మశాస్త్ర సూత్రం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. పండితులు దీనిని ‘సద్దె జరాయె’ అంటారు. అంటే చెడుకు దారితీసే మార్గాన్ని ముందే మూసివేయడం. తానుగా చూస్తే తప్పు లేని పని కూడా తప్పనిసరిగా చెడుకు దారితీస్తుందని తెలిస్తే ఆ పనిని ఆపాలి.

మనిషి తన తల్లిదండ్రులను తానే దూషించుకోవడం మహాపాపాలలో ఒకటి అని దైవప్రవక్త (స) చెప్పినప్పుడు సహచరులు ఆశ్చర్యపోయారు. ఎవడైనా తన తల్లిదండ్రులను తానే ఎలా దూషిస్తాడని అడిగారు. అతడు ఇంకొకరి తండ్రిని తిడతాడు, ఆ ఇంకొకడు తిరిగి ఇతని తండ్రిని తిడతాడు అని ఆయన వివరించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్న హదీసు సారాంశం. చివరి దూషణ వెలువడింది ఎదుటివాడి నోటి నుంచి. కానీ బాధ్యత మొదటివాడి మీదా పడింది. తన మాట ఎదుటివానిలో ఏమి పుట్టిస్తుందో అతనికి తెలుసు కనుక.

‘నేను వదిలిన నీటిలో విషం లేదు, విషం పుట్టింది అవతలి ఊరి క్లోరిన్ తొట్టెలో’ అనే వాదనకు ఈ హదీసు వెలుగులో ఎంత బలం ఉంటుందో ఆలోచించండి. ఎగువ నగరం వదిలిన మురుగునీరే దిగువ నగరానికి నది నీరు. అక్కడ దానికి క్లోరిన్ కలుపుతారని తెలిసీ, తీసివేయగలిగిన మూల పదార్థాన్ని అలాగే వదిలితే బాధ్యత గట్టు దాటగానే తీరిపోదు.

రెండు హానుల మధ్య

ఇక్కడ ఒక తొందరపాటు ఆలోచన రావచ్చు. క్లోరినే మానేస్తే పోదా? ఇది ప్రమాదకరమైన ఆలోచన. క్రిములు గంటలలో ప్రాణం తీస్తాయి. ఈ పదార్థాల ముప్పు ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. రెండు హానులు ఎదురైనప్పుడు తేలికైనదానిని భరించి పెద్దదానిని తప్పించుకోవాలన్నది ఫిఖహ్ సూత్రం. ఉపఫలాల భయంతో క్రిమి నిర్మూలనలో రాజీపడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెబుతోంది.

మరో సూత్రం కూడా ఉంది. ఒక హానిని దానిలాంటి ఇంకొక హానితో తొలగించకూడదు. నీటి శుద్ధిలో ఇది అడుగడుగునా ఎదురయ్యే సమస్య. ఓజోన్ మంచిదే, కానీ నీటిలో బ్రోమైడ్ ఉంటే అది బ్రోమేట్ అనే మరో హానికర పదార్థాన్ని పుట్టిస్తుంది. సూక్ష్మజీవులచేత అమ్మోనియాను పూర్తిగా తినిపిస్తే ఎన్‌డీఎంఏ మూలాలు తగ్గుతాయి, కానీ అమ్మోనియా లేని నీటిలో క్లోరిన్ స్వేచ్ఛగా ఉండి క్లోరోఫాంను ఎక్కువ చేస్తుంది. మడ్డిని చేర్చడానికి వాడే కొన్ని పాలిమర్లే ఎన్‌డీఎంఏకు మూలమవుతాయి. పొరల వడపోతలో వేరైన మలినం మాయం కాదు. చిక్కటి ఉప్పునీరుగా ఎక్కడికో పోవాలి.

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీ అనుభవం చూడండి. అక్కడ దశాబ్దాలుగా శుద్ధి చేసిన మురుగునీటిని భూమిలోకి ఇంకిస్తున్నారు. నీరు పొరల వడపోత దాటి వచ్చేది. అయినా 2000లో భూగర్భజలంలో ఎన్‌డీఎంఏ కనిపించింది. అతి చిన్న అణువు కావడంతో పొర దానిని పూర్తిగా ఆపలేకపోయింది. రెండు తాగునీటి బావుల వాడకం ఆపివేశారు. అతినీలలోహిత కాంతితో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో దానిని ధ్వంసం చేసే దశను చేర్చారు. 2008లో మొదలైన అక్కడి కొత్త కేంద్రం 2023 విస్తరణ తర్వాత రోజుకు సుమారు 49 కోట్ల లీటర్ల నీటిని శుద్ధి చేయగలుగుతోంది. వెతికినందువల్లనే దోషం దొరికింది. దొరికినందువల్లనే దిద్దుబాటు జరిగింది. వెతకకుండా ఉండి ఉంటే ఆ నీరు రంగు, రుచి, వాసన పరీక్షలన్నీ నెగ్గుతూనే ఉండేది.

‘మాకు చెప్పవద్దు’ అన్న ఉదంతం

ఈ మాటకు ఒక అభ్యంతరం ఉంది. దానిని దాటవేయడం న్యాయం కాదు. కనిపించని దోషాలను వెతుకుతూ పోతే అది వస్‌వసా (అనుమాన రోగం) అవుతుంది కదా? హజ్రత్ ఉమర్ (రజి) ఒక ప్రయాణంలో ఒక నీటి మడుగు దగ్గర ఆగారు. హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ఆ మడుగు యజమానిని, ‘ఇక్కడికి క్రూరమృగాలు నీళ్లు తాగడానికి వస్తాయా?’ అని అడిగారు. హజ్రత్ ఉమర్ (రజి) కల్పించుకుని ఆ సంగతి మాకు చెప్పవద్దని యజమానిని వారించారు. ఇమామ్ మాలిక్ (రహ్మలై) ఈ ఉదంతాన్ని తన ముఅత్తాలో నమోదు చేశారు. మరి తరచి అడగకపోవడమే ఉత్తమం కాదా?

ఈ ఉదంతంలో ఉన్న సౌలభ్యం నిజమైనదే. వాడుకునేవానికి అది అల్లాహ్ కారుణ్యం. కుళాయి తిప్పి వుజూ చేసుకునే మనిషి ఆ నీటిలో ఎన్ని నానోగ్రాములు ఉన్నాయోనని బెంగపడనక్కరలేదు. సందేహం నిశ్చయాన్ని తొలగించదు. అతని వుజూ చెల్లుతుంది, నమాజూ చెల్లుతుంది. ఇందులో ఎవరూ సంశయించకూడదు.

కానీ ఆ సౌలభ్యం బాటసారికి లభించినది. మడుగులో ఏదైనా కలిపేవానికి కాదు. ఆ నీటిని వేల కుటుంబాలకు పంచే బాధ్యత తలకెత్తుకున్నవానికి కూడా కాదు. అదే హజ్రత్ ఉమర్ (రజి) తన పాలనలో ఫురాత్ నది ఒడ్డున ఒక పశువు నష్టపోయినా అల్లాహ్ తనను ప్రశ్నిస్తాడని భయపడేవారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. తాగేవానిగా ఆయన ‘చెప్పవద్దు’ అన్నారు. పాలకునిగా తెలియని దానికీ జవాబు చెప్పుకోవాలని వణికారు. ఈ రెండింటి మధ్య వైరుధ్యం లేదు. మనిషి నిలబడిన స్థానాన్ని బట్టి తెలుసుకోవలసిన బాధ్యత మారుతుంది. నిద్ర లేచినవాడు చేతులు కడగకుండా నీటి పాత్రలో ముంచకూడదన్న ప్రవక్త (స) బోధన కూడా ఇలాంటిదే. రాత్రి తన చేయి ఎక్కడెక్కడ తగిలిందో అతనికి తెలియదు. పాత్ర అందరిదీ అయినప్పుడు తెలియకపోవడమే జాగ్రత్తకు కారణం.

మన వంతు

దైవప్రవక్త (స) చెప్పిన ఓడ ఉపమానం మనం అనేకసార్లు విన్నాం. ఓడలో కింది అంతస్తువారు నీటి కోసం మాటిమాటికీ పైకి వెళ్లి పైవారిని ఇబ్బంది పెట్టడం ఎందుకని, తమ భాగంలోనే రంధ్రం చేసుకుందామనుకుంటారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. వారిని అలా వదిలేస్తే అందరూ మునుగుతారు. చేయి పట్టి ఆపితే అందరూ బతుకుతారు. మన వీధి కాలువ కూడా ఆ ఓడ అడుగుభాగమే. హైదరాబాద్ మురుగును మోసుకుపోయే మూసీ నీటితో దిగువ గ్రామాలలో గడ్డీ వరీ పండిస్తున్నారు. ఆ గడ్డి తిన్న పశువుల పాలు తిరిగి మన ఇళ్లకే వస్తాయి.

మరి మనం ఏమి చేయాలి? గడువు దాటిన మాత్రలనూ సిరప్పులనూ సింకులోనో మరుగుదొడ్డిలోనో పారబోయకూడదు. ఘాటైన శుభ్రపరచే ద్రావకాలను అవసరానికి మించి వాడకూడదు. వుజూలోనైనా సరే నీటిని వృథా చేయకూడదు. అయితే ఇంటి జాగ్రత్తతోనే సమస్య తీరుతుందనుకుంటే పొరపాటు. మందుల అవశేషాలలో ఎక్కువ భాగం రోగి శరీరం నుంచే మురుగులోకి చేరుతుంది. రోగిని మందు మానమనలేం కదా! అందుచేత అసలు పని శుద్ధి కేంద్రంలో జరగాలి. ఇది ఒకరకంగా ఫర్జె కిఫాయా. సమాజంలో కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారు. మన పిల్లలలో రసాయన శాస్త్రం చదివేవారు, ఇంజినీర్లు అయ్యేవారు ఈ విద్యను ఆరాధనగా భావించి నేర్చుకోవాలి. నగరపాలక సంస్థ నుంచి ‘శుద్ధి చేశాం’ అన్న జవాబు వచ్చినప్పుడు, క్లోరిన్‌కు ముందు ఏమి తీసివేశారని మర్యాదగా అడిగే పౌరులు కావాలి. అలా అడగడానికి ఖర్చు లేదు. అలా తీసివేయడానికి మాత్రం ఖర్చుంది. ఆ ఖర్చు నీటి పన్ను రూపంలో మన ఇంటికి వచ్చిన రోజున గొణగకుండా చెల్లించడం కూడా మన వంతులో భాగమే.

ప్రళయదినాన ప్రతి అనుగ్రహం గురించీ ప్రశ్న ఉంటుంది. చల్లని నీటి గురించి కూడా. మనం తాగిన నీటి గురించే కాదు, మన ఇంటి గడప దాటి వెళ్లిన నీరు మన తర్వాతివారికి ఏ స్థితిలో చేరిందన్న విషయంలోనూ జవాబు సిద్ధం చేసుకోవాలి. అల్లాహ్ మనకు పరిశుద్ధతను ప్రేమించే హృదయాన్ని, ఇతరులకు హాని చేయని జీవితాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.